చెప్పుకొనరాని బాధ - చెప్పుకొనవలసిన చోటు

తలనొప్పి వచ్చినవాడు తలనొప్పి యని చెప్పుకొనును. చక్కెరవ్యాధి గలవాడు విందు భోజనమున మిఠాయి వలదని పదుగురి యెదుట చెప్పుటకు సంకోచింపడు. కాని కోరిక సన్నగిల్లిన పురుషుడు ఆ మాట మిత్రునితో చెప్పలేడు, అన్నదమ్ములతో చెప్పలేడు, కట్టుకొన్న భార్యతోనే చెప్పలేడు. తుదకు వైద్యుని యెదుట కూర్చున్నను "ఒంట్లో నీరసముగా ఉన్నదండీ" అని మాత్రమే పలికి, ఒక బలము సీసా వ్రాయించుకొని ఇల్లు చేరును. ఈ బాధకు మన వాడుకలో మర్యాదగల పేరైనను లేదు. ‘నరముల బలహీనత’ అని ఒక మాట కలదు. ‘సంసారమునకు పనికిరాడు’ అని మరియొక మాట కలదు. మొదటిది వైద్యశాస్త్రము ఎరుగని మాట. రెండవది రోగము పేరు కాదు, తిట్టు.

‘ఇంటిగుట్టు లంకకు చేటు’ అను సామెతను మనము మిక్కిలి శ్రద్ధతో పాటించుచున్నాము. కాని ఈ ఒక్క విషయమున గుట్టే ఇంటికి చేటగుచున్నది. భర్త మౌనమును భార్య నిరాదరణగా ఎంచును. తనయందే లోపమున్నదని కుములును, లేదా అతని మనస్సు మరియొకచోట నున్నదని అనుమానించును. సంతానము కలుగకున్న అత్తవారు ఆమెనే గొడ్రాలందురు. భర్త నోరు మెదపడు. ఈ మౌనమునకు మూల్యము ఇద్దరును చెల్లింతురు. ఎక్కువ భాగము ఆమెయే చెల్లించును.

నేను చెప్పదలచినది ఒక్కటే. పురుషునిలో కామేచ్ఛ తగ్గుట అతని మగతనముపై వెలువడిన తీర్పు కాదు. అది ఒక లక్షణము. జ్వరమువలె అది ఏదో ఒక కారణమునకు గుర్తు. ఆ కారణమును వెదకిన చాలవరకు దొరకును. దొరకిన కారణమునకు తగిన చికిత్స చాలవరకు కలదు. కారణమును వెదకక ముందే మందు కొనుటయే మన యసలు రోగము.

మొట్టమొదట రెండు విషయములను విడదీసి చూడవలెను. కోరిక వేరు, అంగపటుత్వము వేరు. మనస్సు కోరియు శరీరము సహకరింపకపోవుట ఒక బాధ. శరీరమున ఏ లోపము లేకున్నను మనస్సు ఆ వైపునకే పోకుండుట మరియొక బాధ. 1998 లో అమెరికాలో ఆమోదము పొంది, వయాగ్రా యను పేర లోకప్రసిద్ధమైన సిల్డెనాఫిల్ మాత్ర మొదటి బాధకు పనికివచ్చును. అది రక్తనాళములను సడలించి రక్తప్రసారమును పెంచును, అంతకుమించి చేయదు. కోరిక లేనివానికి అది కోరికను పుట్టింపదు. ఈ తేడా తెలియక మందుల దుకాణమునకు పోయి, చీటీ లేకయే ఆ మాత్ర కొనువారున్నారు. అది ఫలింపకున్న తమ జబ్బు నయము కానిదని నిరాశ చెందుదురు. గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువాడు ఈ మాత్ర మ్రింగినచో రక్తపుపోటు ప్రమాదకరముగా పడిపోవును, ప్రాణమే పోవచ్చును. ఆ సంగతి వైద్యుడు చెప్పవలెను. వైద్యునికడకు పోనివానికి చెప్పువారెవరు?

ఏది రోగము, ఏది కాదు అనునది రెండవ ప్రశ్న. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013 లో వెలువరించిన రోగనిర్ణయ గ్రంథము ఈ విషయమున ఒక గీత గీచినది. కోరికయు, దానికి సంబంధించిన తలపులును కొరవడుట సుమారు 6 నెలలైనను సాగవలెను. దానివలన ఆ వ్యక్తికి బాధ కలుగుచుండవలెను. అప్పుడే అది రోగమనిపించుకొనును. అప్పులవాడు గుమ్మమున నిలుచున్న నెలలో, రాత్రి డ్యూటీలు వరుసగా పడిన వారములో, ఇంట చంటిబిడ్డ తెల్లవార్లు ఏడ్చుచున్న రోజులలో కోరిక తగ్గుట రోగము కాదు, మానవ స్వభావము. పుట్టుకనుండి అట్టి ఆకర్షణయే ఎరుగక, దానికై చింతింపక బ్రతుకువాడు కూడ రోగి కాడు; ఆ గ్రంథమే ఆ మాట చెప్పుచున్నది. భార్యాభర్తలలో ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ కోరిక యుండుటయు రోగము కాదు. అది ఇరువురును కూర్చుండి మాటలాడుకొని కుదుర్చుకొనవలసిన బేరము.

ఈ గీత దాటిన పిదప వైద్యుని పని ఆరంభమగును. మంచి వైద్యుడు మందు వ్రాయుటకు ముందు ప్రశ్నలడుగును. ఎప్పటినుండి? భార్యయెడనే యిట్లున్నదా, అన్నివేళల నిట్లే యున్నదా? నిద్ర ఎట్లున్నది? గురక కలదా? మద్యము ఎంత? ఏయే మందులు వాడుచున్నావు? మనస్సు ఉల్లాసముగా నున్నదా, లేక దేనిమీదను ఆసక్తి లేదా? ఈ ప్రశ్నలలో ప్రతిదానికిని ఒక ప్రయోజనము కలదు. చక్కెరవ్యాధి, స్థూలకాయము, థైరాయిడ్ మాంద్యము, మూత్రపిండముల వ్యాధి, కాలేయ వ్యాధి, నిద్రలో శ్వాస ఆగిపోవు జబ్బు, దిగులు - ఇవన్నియు కోరికను తగ్గించునవే. పటుత్వలోపమైనచో అది గుండెజబ్బు బయటపడుటకు కొన్ని సంవత్సరములు ముందుగనే కనిపించు హెచ్చరిక కావచ్చును. ఏలయన ఆ అంగమునకు పోవు రక్తనాళములు గుండె నాళములకంటె సన్ననివి. పూడిక మొదట అక్కడనే తెలియును. సిగ్గుపడి దాచుకొన్న మగవాడు తన పడకగది రహస్యమును మాత్రమే కాదు, తన ప్రాణమునకు వచ్చుచున్న ముప్పును కూడ దాచుచున్నాడు.

పరీక్షలలో ముఖ్యమైనది టెస్టోస్టిరోను పరీక్ష. ఈ హార్మోను కథ తెలిసికొన్న మన నేటి మోసములు కూడ అర్థమగును. 1889 లో పారిస్ నగరమున బ్రౌన్ సెకార్ అను ప్రసిద్ధ శరీరశాస్త్రజ్ఞుడు, తన 72వ యేట, కుక్కల వృషణములనుండియు, సీమ ఎలుకల వృషణములనుండియు తీసిన రసమును తనకు తానే సూదిమందుగా ఎక్కించుకొని, యౌవనము తిరిగివచ్చినదని పండితసభలో ప్రకటించెను. లోకమంతయు ఆ మందుకై ఎగబడెను. నిజమునకు వృషణములు ఆ హార్మోనును తయారుచేయునే గాని నిలువచేసికొనవు. అట్టి నీటి రసములో పనిచేయుటకు చాలినంత హార్మోను ఉండదు. ఆ మహనీయుని శరీరమున పనిచేసినది రసము కాదు, నమ్మకము. ఆ పిమ్మట 1920 లలో వొరోనాఫ్ అను శస్త్రవైద్యుడు కోతుల వృషణముల ముక్కలను ధనవంతులకు అతికించి పేరు గడించెను. అదియు నిలువలేదు. టెస్టోస్టిరోనును శుద్ధరూపమున వేరుచేయుట, కృత్రిమముగా తయారుచేయుట రెండును 1935 లో జరిగినవి. దానిని తయారుచేసిన బుటెనాంట్, రుజిచ్కాలకు 1939 లో రసాయనశాస్త్రపు నోబెల్ బహుమతి ప్రకటింపబడినది. అనగా శాస్త్రము అసలు పదార్థమును పట్టుకొనుటకు దాదాపు అర్ధశతాబ్దము ముందే మందు అమ్మకము ప్రారంభమైనదన్నమాట. ఈ వ్యాపారమున ఆ వరుస నేటికిని మారలేదు.

ఈ హార్మోను తక్కువైనదో కాదో ఒక్క పరీక్షతో తేలదు. ఉదయమున అది ఎక్కువగాను, సాయంత్రమునకు తక్కువగాను ఉండును. కనుక ఉదయము వేళ, రెండు వేరు వేరు దినములలో రక్తము తీసి చూడవలెను. అమెరికా మూత్రాంగ వైద్యుల సంఘము 2018 లో డెసిలీటరునకు 300 నానోగ్రాములకు తక్కువను లోపముగా గ్రహింపవచ్చునని, అదియు లక్షణములు కూడ ఉన్నప్పుడే యని చెప్పినది. అట్లు లోపము రుజువైనవానికి సూదిమందుగానో, చర్మముపై పూయు జెల్లుగానో టెస్టోస్టిరోను ఇత్తురు. 2016 లో ప్రకటింపబడిన ఒక పెద్ద పరిశోధనలో, 65 ఏండ్లు దాటి, ఈ హార్మోను తక్కువగా నున్న పురుషులకు దానిని ఏడాదిపాటు ఇచ్చి చూచిరి. కోరిక కొంత పెరిగినది. కొంత - ఈ మాటను గమనింపవలెను. 2023 లో వెలువడిన మరియొక పరిశోధనలో 5 వేలమందికి పైగా పురుషులను పరిశీలించిరి. గుండెపోటు, పక్షవాతము మొదలగు ముఖ్య ప్రమాదములు జెల్లు వాడినవారిలో అధికము కాలేదని తేలినది. కాని గుండె లయ తప్పుట, ఊపిరితిత్తుల నాళములలో రక్తపుగడ్డ చిక్కుట వంటివి వారిలో కొంత ఎక్కువగా కనిపించినవి. కనుక ఈ మందు విషమును కాదు, అమృతమును కాదు. లోపమున్నవానికి మేలు చేయును. లోపము లేనివానికి లాభము లేక నష్టమును మిగుల్చును.

ఆ నష్టములలో ఒకటి మన దేశమున ప్రతి యింటను తెలియవలసినది. బయటనుండి టెస్టోస్టిరోను ఇచ్చినచో మెదడు, ‘చాలినంత యున్నదిగదా’ అని తలచి వృషణములకు పంపు ఆజ్ఞలను ఆపివేయును. వీర్యకణముల ఉత్పత్తి తగ్గును. కొందరిలో పూర్తిగా నిలిచిపోవును. మందు మానిన పిమ్మట చాలమందిలో తిరిగివచ్చును గాని దానికి నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించిన కాలము పట్టును. బిడ్డలు కావలెనని కోరుచున్న యువకుడు ‘బలము సూది’ పేరిట, లేదా కండలు పెంచు వ్యాయామశాలలో ఎవరో ఇచ్చిన మందు పేరిట దీనిని వేయించుకొనుచు, మరియొక వైపు భార్యను సంతానము లేదని ఆసుపత్రులకు త్రిప్పుట ఎంతటి విషాదము! సంతానము కోరువారికి ఇతర మార్గములు కలవు. వృషణములనే ప్రేరేపించు మందులు కలవు. కాని ‘బిడ్డలు కావలెను’ అను మాట చికిత్సకు ముందే వైద్యునితో చెప్పవలెను.

హార్మోను చికిత్సయే చికిత్స యనుకొనుట కూడ పొరపాటు. కొందరిలో పీయూషగ్రంథిపై చిన్న కంతి లేచి ప్రొలాక్టిన్ అను మరియొక హార్మోను అధికమగును. దానివలన కోరిక అణగిపోవును. ఒక్క రక్తపరీక్షతో ఆ సంగతి తెలియును. క్యాబర్గోలిన్ వంటి మాత్రలతో పెక్కుమందికి శస్త్రచికిత్స లేకయే నయమగును. థైరాయిడ్ మాంద్యమునకు థైరాక్సిన్ కలదు. స్థూలకాయుడు బరువు తగ్గించుకొన్నచో అతని శరీరమే టెస్టోస్టిరోనును పెంచుకొనును. మద్యము తగ్గించుట, గురకజబ్బునకు చికిత్స చేయించుకొనుట - ఇవి ప్రకటనలలో కనిపింపని మందులు. దిగులునకు వాడు కొన్ని మందులు, ముఖ్యముగా సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ కోవకు చెందినవి, దిగులును తగ్గించుచునే కోరికను కూడ తగ్గించును. ఇది తెలిసి రోగి సిగ్గుతో ఎవ్వరికిని చెప్పక మందు మానివేయును. దిగులు మరల ముంచుకొని వచ్చును. ఆత్మహత్యకు కూడ దారితీయవచ్చును. వైద్యునితో చెప్పిన అతడు మోతాదు తగ్గింపగలడు, లేదా బుప్రోపియాన్ వంటి మరియొక మందునకు మార్పగలడు. మందు తనంతట తాను మానుట గోరుచుట్టుపై రోకటిపోటు.

శరీరమున ఏ లోపమును కనిపింపనివారును కలరు. వీరిలో మన దేశపు ప్రత్యేకమైన బాధ ఒకటి యున్నది. వీర్యము పోయిన బలము పోవునని, చిన్ననాటి అలవాట్లవలన సంసారజీవితమే చెడునని నమ్మి క్రుంగిపోవు యువకులు ఊరూర నున్నారు. డాక్టర్ నరేంద్రనాథ్ విగ్ అను మన మానసిక వైద్యుడు 1960 లో ఈ బాధకు ‘ధాత్ సిండ్రోమ్’ అని పేరు పెట్టెను. ఇక్కడ రోగము వీర్యములో లేదు, భయములో నున్నది. ఈ యువకునికి కావలసినది పొడులు కాదు. ఓపికగా చెప్పు ఒక మనిషి. భార్యాభర్తల నడుమ తొలిరాత్రినాడే పుట్టిన జంకు, అలుక, చెప్పుకొనని కోపము - ఇవి కారణములైనచో ఇద్దరును కలిసి సలహాదారుని యొద్దకు పోవలెను. మాస్టర్స్, జాన్సన్ అను పరిశోధకుల జంట 1970 లో ప్రకటించిన పద్ధతి నేటికిని వాడుకలో నున్నది. సంభోగపు బాధ్యతను కొన్నాళ్లు ప్రక్కన పెట్టి, పరీక్ష వ్రాయుచున్నామను భయము లేక, స్పర్శను మాత్రమే ఒకరికొకరు నేర్పుకొనుట దాని సారము. దీనికి ఖరీదు లేదు. కాని దీనికి కావలసిన ఓర్పు మాత్రము దుకాణమున దొరకదు.

‘మన ఆయుర్వేదమున లేనిదేమి?’ అని కొందరడుగుదురు. ఆయుర్వేదపు ఎనిమిది అంగములలో వాజీకరణము ఒకటి యన్నది నిజమే. కాని చరకుడు దానిని శరీరశుద్ధి జరిగిన పిమ్మట, ఆత్మనిగ్రహము గలవానికి చెప్పినాడు; ఊరికొక లాడ్జిలో నెలకొక దినము గది తీసికొని, నాడి చూచి డబ్బా చేతిలో పెట్టువానికి చెప్పలేదు. వాజీకరణములలో ముఖ్యమైనది మనస్సునకు ప్రీతి గొలుపు స్త్రీయే యని కూడ చరకుడు చెప్పినాడు. అనగా దాంపత్యపు అనురాగమే మొదటి మందని ఆ ప్రాచీన వైద్యుడే ఒప్పుకొన్నాడు. ఈ కాలపు డబ్బాలలో ఏమున్నదో అమ్మువానికే తెలియవలెను. లోగుట్టు పెరుమాళ్ళకెరుక. ‘మూలికలు మాత్రమే’ యని వ్రాసిన మాత్రలలో రహస్యముగా కలిపిన సిల్డెనాఫిల్‌ను పెక్కు దేశముల ఔషధాధికారులు మరల మరల పట్టుకొన్నారు. గుండెజబ్బు గలవాడు మూలికయే గదా యని దానిని మ్రింగిన ఏమగునో పైన చెప్పియేయున్నాను.

ఇట్టి ప్రకటనలను ఆపుటకు చట్టము లేకపోలేదు. 1954 లోనే పార్లమెంటు మందుల అభ్యంతరకర ప్రకటనల చట్టమును చేసినది. కామసుఖ సామర్థ్యమును నిలుపుదుము, పెంచుదుము అని ఏ మందునకును ప్రకటన చేయరాదని దాని 3వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. వ్యాపారులు సుప్రీంకోర్టుకెక్కగా, 1959 చివర ఆ న్యాయస్థానము చట్టములోని కొన్ని మాటలను కొట్టివేసినను, ఇట్టి మందుల వ్యాపార ప్రకటనకు వాక్స్వాతంత్ర్యపు రక్షణ లేదని తేల్చినది. చట్టము వచ్చి 70 ఏండ్లు దాటినది. రైల్వే కట్టగోడలపై, బస్‌స్టాండు మూత్రశాలల తలుపులపై ఆ ప్రకటనలు అట్లే యున్నవి. నేడు అవి చేతిలోని ఫోను తెరపైకి కూడ వచ్చినవి. పత్రికలు కూడ ఈ విషయమున చేతులు కడుగుకొనజాలవు. సంపాదకీయ పుటలో విజ్ఞానమును బోధించి, వర్గీకృత ప్రకటనలలో ‘రహస్య వ్యాధులకు గ్యారంటీ చికిత్స’ అచ్చువేయు పత్రిక, ఒక చేత పెట్టినది మరియొక చేత లాగుకొనుచున్నది.

శాస్త్రము నిలిచిపోలేదు. 2023 లో లండను నగరపు ఇంపీరియల్ కళాశాల పరిశోధకులు, కోరిక కొరవడి బాధపడుచున్న 32 మంది పురుషులకు కిస్పెప్టిన్ అను సహజ హార్మోనును రక్తనాళముద్వారా ఎక్కించి, మెదడులో కామసంబంధమైన భాగముల స్పందన మారుటను గమనించిరి. ఆశ గొలుపు సంగతియే. కాని 32 మందిపై జరిగిన ప్రయోగము మందుల దుకాణము కాదు. రేపు ఎవడైనను ‘కిస్పెప్టిన్ చూర్ణము’ అమ్మవచ్చిన పాఠకులు బ్రౌన్ సెకార్ కథను జ్ఞాపకము చేసికొందురు గాక.

ఇక చేయవలసినదేమి? వైద్యులు రోగి చెప్పువరకు వేచియుండరాదు. చక్కెరవ్యాధి గలవానిని కాళ్ల తిమ్మిరి గూర్చి అడిగినట్లే, దిగులు మందు వ్రాసినవానిని నిద్ర గూర్చి అడిగినట్లే, ఈ విషయమును గూర్చియు వారే అడుగవలెను. ఆ ప్రశ్న వైద్యుని నోట వచ్చిన రోగి సిగ్గు సగము తీరును. ప్రభుత్వ ఆసుపత్రులలో పదిమంది వినుచుండగా బల్లచుట్టు నిలువబెట్టి అడుగుటగాక, తలుపు వేసిన ఒక గది యుండవలెను. తెలుగులో ఈ మాటలు మర్యాదగా చెప్పుటకు వీలులేదను వాదమునకు విజయవాడ వైద్యుడు గోపరాజు సమరముగారు దశాబ్దములపాటు పత్రికలలో పాఠకులకిచ్చిన సమాధానములే జవాబు. భాషకు లోటు లేదు. లోటు మన నోటికున్నది.

ఇంటివారు చేయవలసినది మరింత సులభము. అబ్బాయి మౌనముగా నున్న కోడలిని నిందింపకుండుట, సంతానము ఆలస్యమైన మొదటి పరీక్ష ఇద్దరికిని కలిపి చేయించుట - ఈ రెండును చాలును. వీర్యపరీక్ష స్త్రీకి చేయు ఏ పరీక్షకంటెను సులభము, చౌక. అయినను మన యిండ్లలో అది తుట్టతుదను వచ్చును.

పురుషునికి చెప్పవలసినది ఒక్కమాట. కోరిక తగ్గినదని వైద్యునితో చెప్పుకొన్నవాడు చిన్నబోడు. చక్కెరవ్యాధియో, థైరాయిడో, దిగులో సకాలమున బయటపడి బాగుపడవచ్చును. చెప్పుకొననివాడు లాడ్జి గదిలో డబ్బు పోగొట్టుకొని, ఇంటిలో భార్య నమ్మకమును కూడ పోగొట్టుకొనును. మొదటి మాట భార్యతో చెప్పవలెను. రెండవ మాట, వీలైన ఆమెను వెంటబెట్టుకొని పోయి, చదువుకొన్న వైద్యునితో చెప్పవలెను. గోడమీది చిరునామాకు ఆ మాట చెప్పవలసిన పని లేదు.